సెల్లార్‌లో పడమర

మొన్నొక రోజు ఇంతియాజ్ అనే అతను మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఎర్రమంజిల్ వెనక సందులో ఒక చిన్న మసీదు ఉంది. దాని కమిటీకి ఒకప్పుడు వాళ్ల తాతగారు పెద్ద, అందరూ ఆయన్ని సదర్ సాబ్ అనేవారు. ఇప్పుడు ఆ బాధ్యత మనవడిది. మసీదు చాలడం లేదని పక్క స్థలంలో కొత్త హాలు కడుతున్నారట. పాత హాల్లో ఉన్న పాలరాతి మిహ్రాబ్‌నీ మింబర్‌నీ ఊడదీసి కొత్తదానిలో పెట్టాలట. మిహ్రాబ్ అంటే మక్కా ఎటుందో చూపిస్తూ గోడలో ఉండే కమాను గూడు, మింబర్ అంటే దాని పక్కన ఇమామ్ ఎక్కి శుక్రవారం ప్రసంగం చేసే మెట్ల పీఠం. రెండూ మా దుకాణంలో చెక్కినవే. ఏ ముక్క ఎక్కడ అతికిందో చూసి చెప్పమని నన్ను స్కూటర్ మీద తీసుకెళ్లాడు. దుకాణం మూసేసి చాలాకాలమైనా, ఈ మోకాళ్లతో కూడా, పాలరాయి అంటే నేను ఎక్కడికైనా వెళ్తాను.

మింబర్ అలాగే ఉంది. మెట్ల అంచులు ఎక్కి దిగిన పాదాలకు నునుపెక్కాయి. పక్క పలకల మీది తీగ, ఆకుల మధ్య సన్నటి మొగ్గ, ఏదీ చెదరలేదు. నేను దాని మీద చెయ్యి వేసి నిలబడితే ఇంతియాజ్ నవ్వుతూ, "దీన్ని చెక్కిన మిస్త్రీకి పడమర ఎటో తెల్వదంట అంకుల్. మిహ్రాబ్‌కే ఈపు పెట్టి నమాజు చేసేటోడంట. మా తాత చెప్పి చెప్పి నవ్వేటోడు" అన్నాడు. అక్కడున్న పనివాళ్లూ నవ్వారు. అదేదో వాళ్లందరికీ పాత జోకే అని తెలుస్తోంది. నేనూ నవ్వాను.

తర్వాత కొత్త స్థలం చూపించాడు. పునాదులకు మేకులు కొట్టి దారం కట్టారు. ఆ దారం పాత హాలు గోడకు సమాంతరంగా లేదు, కొంచెం పక్కకు తిరిగింది. అదేమిటని అడిగితే, పాత హాలే జర వంకర పోయిందని, పాతకాలపోళ్లు కంటి అందాజాతో కట్టేసి ఉంటారని, దిక్కు తెలియని మిస్త్రీని పెట్టుకున్నోళ్ల దగ్గర ఇంకేం చూస్తామని, అందుకే కొత్తదానికి ఫోన్‌లో మక్కా వైపు చూపించే దిక్సూచి పెట్టి ఖరారుగా చూశామని చెప్పాడు. ఎలా చూశారో కూడా చూపించాడు. నేలంతా బురదగా ఉందని పక్కనే ఉన్న ఇనప సలాకల కట్ట మీద ఫోన్ పెట్టాడు. ముల్లు దారం వైపే నిలబడింది. శుక్రవారం నమాజు అయ్యాక కాంక్రీటు పోస్తారట. ఇనుము పక్కన ముల్లు దారి తప్పుతుందని నాకు తెలుసు. అయినా ఏమీ అనకుండా ఇంటికొచ్చేశాను. నేను నోరు మూసుకోవడం ఆ మసీదు విషయంలో అది రెండోసారి. మొదటిసారి ఎలా మూసుకున్నానో చెప్పకపోతే రెండోసారిది అర్థం కాదు.

అప్పట్లో మా దుకాణం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వెళ్లే రోడ్డు మీద ఉండేది. పైన నున్నటి పలకల షోరూము, కింద సెల్లార్‌లో చెక్కుడు పని. సెల్లార్‌లోకి గుండ్రంగా తిరుగుతూ దిగే ఇనప మెట్లు ఉండేవి. కిటికీ లేదు. ఎన్ని చుట్లు తిరిగి దిగామో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, దిగాక పంజాగుట్ట ఎటో అమీర్‌పేట ఎటో చెప్పగలిగినవాడు లేడు. తడిరాయి వాసన, కిరసనాయిలు స్టవ్ మీద మరుగుతున్న టీ వాసన, బీడీ పొగ, అన్నిటి మీదా పాలరాతి పిండి. ఆ పిండి మా తలల మీద పడి అందరం ముసలివాళ్లలా కనిపించేవాళ్లం. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే అమ్మ గుమ్మంలోనే ఆపి, చీపురు తీసుకుని నా జుట్టు దులిపేది. ఎంత దులిపినా పప్పుచారులో కాస్త రాయి కలిసేది. మా ఇంట్లో అందరి పళ్లూ అరిగిపోవడానికి అదే కారణమని ఆవిడ నమ్మకం.

నాన్నకు వేరే నమ్మకం ఉండేది, వాస్తు. తెనాలి నుంచి ఒట్టి చేతులతో వచ్చి హైదరాబాదులో నిలదొక్కుకున్నది వాస్తు వల్లేనని ఆయన చెప్పేవారు. సెల్లార్‌లో పని మొదలుపెట్టినప్పుడు సిద్ధాంతిగారిని పిలిపించారు. నేల కింద బయటి లెక్కలు పనికిరావనీ, కింద దిక్కులు కిందే చూడాలనీ సిద్ధాంతిగారు సెలవిచ్చి, ఒక ఇత్తడి దిక్సూచిని నా బల్ల మీద పెట్టి, పసుపు కుంకుమ అద్ది, కదలకుండా లక్కతో అతికించారు. అది అక్కడి నుంచి కదిలితే దోషం. ప్రతి శుక్రవారం నాన్న దానికి బొట్టు పెట్టేవారు. గల్లాపెట్టె ఎక్కడుండాలో, తాను ఎటు తిరిగి కూర్చోవాలో, బరువైన రాళ్లు ఏ మూల ఉండాలో అన్నీ ఆ ముల్లు చెప్పేది. ఆ సంవత్సరాల్లో నడిచినంత బాగా మా వ్యాపారం ఇంకెప్పుడూ నడవలేదు.

నా సంగతి చెప్పాలి. డిగ్రీ తప్పి దుకాణంలో కూర్చున్నవాణ్ని. రాయి మీద ఇష్టం అప్పటికింకా పుట్టలేదు. నా పిచ్చంతా సౌండ్ బాక్సుల మీద. పాత స్పీకర్లు కొని, విప్పి, మళ్లీ బిగించి, మోగకపోతే ఇంకోటి కొనేవాణ్ని. నాన్న ఆ పని మానెయ్యమని గట్టిగా చెప్పారు. అందుకని ఒక పెద్ద స్పీకరు నుంచి ఊడదీసిన అయస్కాంతాన్ని, అరచేతికి నిండుగా ఉండేది, సిద్ధాంతిగారు రాకముందే నా బల్ల సొరుగులో గుడ్డలో చుట్టి దాచాను. ఆ సొరుగు సరిగ్గా ఎక్కడుందో ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. నాకు మాత్రం చాలాకాలం దాకా తట్టలేదు.

చెక్కేది రంజాన్ మిస్త్రీ. పాలరాతి గనుల ఊరు మక్రానా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. వినయం అనేది ఆయన దగ్గరికి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. తాజ్‌మహల్ చెక్కినవాళ్లలో తన ముత్తాతలకు ముత్తాత ఉన్నాడని రోజుకొకసారి చెప్పేవాడు. ఒక రోజు ఆ ముత్తాత గుమ్మటం చెక్కేవాడు, ఇంకో రోజు మెట్లు, కోపం వచ్చిన రోజు షాజహాన్‌కే సలహా ఇచ్చేవాడు. మిస్త్రీ మాత్రం పంటినొప్పికి లవంగం నములుతూ, కొలతలు తప్పు వేసి మళ్లీ చెరిపేస్తూ, తన శిష్యులిద్దర్నీ తిడుతూ పనిచేసేవాడు. కానీ ఉలి ఆనిస్తే రాయి మెత్తబడేది. అన్నాళ్లూ ఆయనకు దొరికినవి వంటింటి గట్లు, వాష్ బేసిన్లు, ఇళ్లలో పెట్టుకునే పూజా మందిరాలు. మసీదుకు మిహ్రాబ్, మింబర్ రెండూ కలిపి చెయ్యమని సదర్ సాబ్ వచ్చిన రోజు ఆయన మొహం నాకింకా గుర్తు. మిహ్రాబ్ ఎవడైనా చెక్కుతాడు సేట్, మింబర్ చెక్కితేనే మిస్త్రీ అని నాన్నతో అన్నాడు. నాన్న కూడా ఉత్సాహపడి, కమానుకు అటూ ఇటూ రెండు హంసలు పెడితే నిండుగా ఉంటుందేమో అని సూచించారు. మిస్త్రీ హడలిపోయాడు. ప్రాణుల బొమ్మలు పెట్టకూడదని చెబితే, పోనీ ఒక్క నెమలి అన్నారు నాన్న. చివరికి తామరమొగ్గ దగ్గర రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ తీగలో ఉన్న మొగ్గ అదే.

మిహ్రాబ్ తయారయ్యాక, మసీదు గోడ సిద్ధమయ్యేదాకా మా దగ్గరే ఉండాల్సి వచ్చింది. పడమర చూపించే వస్తువుని పడమటి గోడకే నిలబెట్టాలని నాన్న పట్టుబట్టి, దిక్సూచి చూసి, మనుషుల్ని పెట్టి ఒక గోడకు చేర్చారు. మొదటి రోజే మెట్ల చుట్లు లెక్కపెట్టుకుంటూ దిగి పడమర ఖాయం చేసుకున్న మిస్త్రీ, ఆయన శిష్యులు మాత్రం నమాజు వేళకు దానికి వీపు పెట్టి, ఎదురుగోడకు పేర్చిన పలకల వైపు తిరిగి నిలబడేవారు. వాళ్ల పద్ధతి అదేమోననుకుని నాన్న ఎన్నడూ అడగలేదు, అడిగితే బాగుండదని. సేట్ ఎందుకో దాన్ని తూర్పు గోడకు పెట్టుకున్నాడు, హిందువుల వాస్తు అంతేనేమోనని మిస్త్రీ ఎన్నడూ అడగలేదు, అడిగితే బాగుండదని. ఒకరి మతాన్ని ఒకరు అంతలా గౌరవించుకోబట్టి, ఒకే సెల్లార్‌లో రెండు పడమరలు నెలల తరబడి హాయిగా ఉన్నాయి.

ముసురు పట్టిన ఒక రోజు సదర్ సాబ్ పని చూడ్డానికి వచ్చారు. మెదక్ వైపు మనిషి, ఎర్రమంజిల్‌లో ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరైనవారు, మాట కరుకు. మిస్త్రీవాళ్లు తిండికి వెళ్లారు. నమాజు వేళైంది, బయట వాన. గోడకున్న మిహ్రాబ్‌ని చూసి ఇటే కదా బాబూ అని నన్నడిగారు. నాన్న దిక్సూచి చూసి మరీ పెట్టారని చెప్పాను. అప్పటికి నేను నమ్మి చెప్పిన మాటే అది. ఆయన తుండు పరిచి నిలబడ్డారు. కాసేపటికి మిస్త్రీవాళ్లు తడుస్తూ దిగి, ఆలస్యమైందని గబగబా కాళ్లు కడుక్కుని, అలవాటు ప్రకారం ఎదురుగోడ వైపు తిరిగారు. ఒకే నేల మీద ఇటు ఒకరు, అటు ముగ్గురు, వీపులకు వీపులు. నాకు నవ్వొచ్చి సొరుగులో ఏదో వెతుకుతున్నట్టు తలవంచుకున్నాను.

సదర్ సాబ్ లేచి, తుండు మడిచి, వెనక్కి తిరిగి చూసి, వాళ్లు ముగించేదాకా ఆగారు. ఆ ఆగడమే భయంగా ఉంది.

"ఏంది మిస్త్రీ. మిహ్రాబ్ చెక్కే మనిషివి, దానికే ఈపు చూపెడ్తవా?"

మిస్త్రీ ఇటే పడమర అన్నాడు. రోజూ ఇటే చేస్తున్నానన్నాడు. ఆ మాటతో ఇంకా చెడింది. ఇద్దరూ మెట్లెక్కి పైకి వెళ్లారు. సూర్యుడు లేడు. గొడుగుల కింద పోతున్నవాళ్లని పడమర ఎటని అడిగితే, కంప్యూటర్ కోర్సుకు వచ్చిన కుర్రాళ్లు హాస్టల్ ఎటో చెప్పారు, ఆటో అతను పడమర అంటే ఎన్ని కిలోమీటర్లుంటుందని అడిగాడు. ఎలాగో ఒక దిక్కు తేల్చుకుని, చెయ్యి అటే చాచి పట్టుకుని, ఇద్దరూ గుండ్రటి మెట్లు దిగారు. కిందికొచ్చేసరికి సదర్ సాబ్ చెయ్యి మిహ్రాబ్ వైపుంది, మిస్త్రీ చెయ్యి పలకల వైపుంది.

అప్పుడు నాన్న వచ్చారు. దీనికింత గొడవ ఎందుకండీ, దిక్సూచి ఉందిగా అని ఇద్దర్నీ నా బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. ముల్లు చూపించారు. లెక్క వేస్తే పడమర మిహ్రాబ్ వైపే. మిస్త్రీ వంగి ముల్లు వైపు చూశాడు, కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు. బల్ల కదిపి చూద్దామంటే నాన్న ఒప్పుకోలేదు, దోషమని. అప్పుడు నా మోకాలు సొరుగుకు తగిలింది. లోపల బరువుగా ఏదో కదిలి చెక్కకు కొట్టుకుంది. దానితోపాటు ముల్లు సన్నగా వణికింది. నేను తప్ప ఎవరూ చూడలేదు.

సొరుగు లాగితే అయిపోయేది. లాగితే నాన్న ముందు అయస్కాంతం బయటపడుతుంది. అంతకంటే, పసుపు కుంకుమ పెట్టి ఆయన పూజిస్తున్నది నా స్పీకరు ముక్కనని అందరి ముందూ తేలుతుంది. ఆయన్ని ఆ అవమానం నుంచి కాపాడటానికే ఊరుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నా చెంప కాపాడుకోవడానికి ఊరుకున్నాను.

సదర్ సాబ్ తీర్పు చెప్పారు. "ఇన్నొద్దులు చేసిన నమాజులన్నీ మళ్ల చెయ్యి. అప్పుడే మింబర్ మీద ఉలి పెట్టు. లేకుంటే ఇంకో మిస్త్రీని చూస్కుంట."

మింబర్ పోతుందంటే మిస్త్రీ ఎదురు చెప్పలేకపోయాడు. పైగా ఆయనకే అనుమానం పట్టుకుంది. తాను నమ్మినదాన్ని ఇత్తడి యంత్రం కాదంటోంది మరి. ఆ రోజు నుంచి పని దిగాక, తిండి అయ్యాక, మిహ్రాబ్ ముందు నిలబడి, తప్పిపోయాయనుకున్న నమాజులు ఒక్కొక్కటే తిరిగి చేయడం మొదలుపెట్టాడు. అంటే పడమర వైపు చేసినవాటిని తుడిచేసి, వాటి బదులు తూర్పు వైపు చేస్తున్నాడు. నేను బల్ల దగ్గర కూర్చుని చూస్తూ ఉండేవాణ్ని. శిష్యులు మొదట్లో నవ్వి, తర్వాత వాళ్లూ పక్కన నిలబడ్డారు. మోకాళ్లు పట్టేస్తే గోడ పట్టుకుని లేచేవాడు. అన్నిటికన్నా నేను తట్టుకోలేకపోయింది ఇంకొకటి. తాజ్‌మహల్ కథ ఆగిపోయింది. టీ తాగుతూ ఒకసారి నేనే, మీ ముత్తాత గుమ్మటం కదా మిస్త్రీ అని అందించాను. ఏమో ఛోటే సేట్, నేను చూశానా అన్నాడు.

మింబర్ ఆయన చేసిన పనుల్లో గొప్పది. ఆ నెలల్లో కొలత ఒక్కటీ తప్పలేదు. మాట్లాడని మనిషి చేతిలో ఉలికి ఇంకేం పని. మెట్టు మెట్టుకూ తీగ ఒకే ఒరవడిలో పాకి పైకెళ్లింది. మసీదులో బిగించడం అయ్యాక, ఊరికి వెళ్లిపోతానన్నాడు. పనిముట్ల పెట్టె మోస్తూ నేను పంజాగుట్ట చౌరస్తా దాకా వెళ్లాను. ఇరానీ హోటల్లో టీ చెప్పి, జేబులోంచి గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టాను. మొత్తం చెప్పాను. ఎంత తడబడ్డానో, ఆయన రెండుసార్లు మళ్లీ చెప్పించుకున్నాడు.

పెట్టె తెరిచి ఒక ఉలి తీసి ఆనించి చూశాడు. టక్కున అంటుకుంది. లాగాడు, రాలేదు. కొడతాడనుకుని తల వంచుకున్నాను.

"అయితే ముందు చేసినవే సరైనవి" అన్నాడు.

అవునన్నాను.

"తర్వాత చేసినవి?"

ఆయన బయట బస్సుల వైపు మొహం తిప్పుకున్నాడు. తర్వాత భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని చూస్తే నవ్వు. "మరి సదర్ సాబ్‌ది? ఆ రోజు ఆయనది కూడా ఉల్టానే కదా." నోట్లో లవంగం పక్కకు తోసి నవ్వాడు. నేను ఇప్పుడే వెళ్లి ఆయనకు చెప్పేస్తానని లేచాను. మిస్త్రీ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"వద్దు ఛోటే సేట్. ముసలాయన, మోకాళ్లు మంచివి కావు. అది మొదలు ఎన్నిటిని అనుమానిస్తాడో, ఎన్ని మళ్లీ చేస్తాడో. నేను చేశాను కదా, ఆ కష్టం నాకు తెలుసు. చెప్పకు."

అయస్కాంతాన్ని పెట్టెలో పడేసుకున్నాడు. అది పోయి ఉలులన్నిటినీ ఒక్క ముద్దగా పట్టుకుంది. దాన్ని చూసి మళ్లీ నవ్వాడు. లేచి వెళ్తూ, షాజహాన్ దగ్గర ఇలాంటి వెధవ ఒకడుండేవాడని మా ముత్తాత చెప్పేవాడు అన్నాడు. ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు.

అయస్కాంతం వెళ్లిపోయాక దిక్సూచి ముల్లు వెనక్కి తిరిగి ఉండటం నాన్న శుక్రవారం బొట్టు పెడుతూ చూశారు. కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. సిద్ధాంతిగారు వచ్చి, అంత బరువైన పవిత్రమైన వస్తువు వెళ్లిపోయింది కాబట్టి దిక్కులు సర్దుకున్నాయని తేల్చారు. గల్లాపెట్టె, బల్ల, రాళ్లు అన్నీ అటుదిటు మార్చారు. ఆ మిహ్రాబ్ ఉన్నన్నాళ్లూ దిక్కులే దానికేసి తిరిగాయిరా అని నాన్న చేతులు జోడించి మరీ చెప్పేవారు. దిక్కులు సరైన ఏడాదే టైల్స్ వచ్చి మా వ్యాపారం పడిపోయింది. ఆయనకూ నేను నిజం చెప్పలేదు. చెప్పొద్దని మిస్త్రీ అన్నాడు కదా అనుకున్నాను. ఆయన అన్నది సదర్ సాబ్ గురించి. సదర్ సాబ్ పోయి కూడా ఎన్నో ఏళ్లయింది. ఇంకొకరి దయని నా పిరికితనానికి గొడుగులా పట్టుకుని ఇన్నాళ్లు నడిచాను.

సెల్లార్ ఇప్పుడు అమ్మాయిల హాస్టల్‌కి వంటిల్లు. పైన కోచింగ్ బోర్డులు, దాని పైన మెట్రో. దారి తెలియనివాడు ఎవడూ కనిపించడు, అందరి చేతిలోనూ ఫోను. అప్పుడు పసుపు పూసిన ముల్లుని నమ్మాం, ఇప్పుడు వెలిగే ముల్లుని నమ్ముతున్నాం. కింద ఏముందో చూడటం మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాను. ఇంతియాజ్‌ని పాత హాల్లో మింబర్ పక్కన కూర్చోబెట్టి, ఇంత పొడుగునా చెప్పినదే చెప్పాను. చివర్లో అతను, "అంటే మా తాతనే ఉల్టా నిలవడ్డడా?" అన్నాడు. అవునన్నాను. సలాకల సంగతి నేను చెప్పకముందే లేచి వెళ్లి, ఆ పొద్దునా కట్ట మీదే పెట్టి ఉంచిన ఫోన్ తీసుకుని వచ్చాడు. హాలు మధ్యలో నిలబడి అరచేతిలో పెట్టుకున్నాడు. ముల్లు ఊగి ఊగి, సూటిగా మిహ్రాబ్ వైపే నిలిచింది. అతను గుమ్మం వైపు తిరిగి దారం విప్పమని కేకేశాడు.

తర్వాత నా పక్కనే కూలబడ్డాడు. "గా జోకు మా పిల్లలకు సుత తెలుసు అంకుల్. ఇప్పుడు దాన్నేం జెయ్యాలె?"

"అలాగే చెప్పు నాయనా. రంజాన్ మిస్త్రీ ఉన్న చోట నన్ను పెట్టు. నవ్వేమీ తగ్గదు."

దారం ఎందుకు విప్పాలంటూ కొత్త హాలు కడుతున్న మేస్త్రీ, పనివాళ్లు లోపలికొచ్చారు. ఇంతియాజ్ నా వైపు ఒకసారి చూశాడు. నేను తలూపాను. "దీన్ని చెక్కిన రంజాన్ మిస్త్రీకి దిక్కులన్నీ మస్తు తెలుసంట" అని మొదలుపెట్టాడు. "గీ మార్బల్ సేటు కొడుకుకే..." అయస్కాంతం దగ్గరికి వచ్చేసరికి వాళ్లు కడుపులు పట్టుకున్నారు. మేస్త్రీ నవ్వాపుకోలేక మింబర్ మెట్టు పట్టుకున్నాడు. ఒకతను నన్ను వేలితో చూపించి, గీయననేనా అని అడిగాడు.

నేనే అన్నాను.